సైడ్ ఇచ్చిన చెయ్యి

నా ఎడమ చెయ్యి భుజం కన్నా పైకి లేవదు. ఇక లేవకపోవచ్చని డాక్టరు చెప్పి రెండు వారాలైంది. చెప్పేటప్పుడు ఆయన నా మొహం వైపు కాకుండా కంప్యూటర్ వైపు చూశాడు. నాకు కోపం రాలేదు. పక్కనే కూర్చున్న మా ఆయన మురళి అందుకే ఎక్కువ కంగారుపడ్డాడు. నాకు నోరెక్కువని పెళ్ళికి ముందే మా అత్తగారికి ఎవరో చెప్పారట. ఆవిడ అప్పుడు నమ్మలేదు, తర్వాత నమ్మింది.

ఇప్పుడు కర్ర పట్టుకుని మెయిల్‌బాక్స్ దాకా నడిచి వస్తున్నాను. రాత్రి నిద్ర పడుతోంది. గండం గడిచిందనే అంటున్నారు అందరూ. ఈ చుట్టుపక్కల రోడ్ల మీద సైకిల్ తొక్కే మనవాళ్ళూ, కారు నడిపే మనవాళ్ళూ చదవాలని ఇది రాస్తున్నాను. నిజం చెప్పాలంటే అంతకన్నా ముందు నా కోసమే రాసుకుంటున్నాను. నోటితో చెప్పబోతే ప్రతిసారీ ఎవరో ఒకరు "నీ తప్పేం లేదులే" అని మధ్యలో ఆపేస్తున్నారు. కాగితం అలా అనదు కదా.

ఏప్రిల్

మేముండేది అమెరికాలో, జార్జియా రాష్ట్రం కమ్మింగ్‌లో. శనివారం పొద్దున్నే ఐదుగురం ఆడవాళ్ళం సైకిళ్ళేసుకుని బయల్దేరేవాళ్ళం. మాకు ఈ పిచ్చి ఎక్కించింది నా స్నేహితురాలు లత. షుగర్ వచ్చేలా ఉందని డాక్టరు భయపెడితే నేనూ చేరాను. రెండేళ్ళలో ఎనిమిది కిలోలు తగ్గాను. ఆ గర్వం కూడా ఉండేది నాకు, దాచుకోవడం దేనికి.

ఇళ్ళ మధ్య తిరిగి తిరిగి విసుగొచ్చి ఉత్తరాన కోళ్ళ ఫారాల వైపు వెళ్ళడం మొదలుపెట్టాం. అక్కడ రోడ్లు సన్నం. మధ్యలో దాటకూడదని రెండు పసుపు గీతలు, అంచున ఒక తెల్ల గీత, అది దాటితే గడ్డి, గడ్డి దాటితే గుంట. కారు వెనకాల వస్తే అది మమ్మల్ని దాటాలంటే పసుపు గీతలు తొక్కాల్సిందే. కొందరు హారన్ కొట్టి, తిట్టి, పొగ వదిలి పోయేవాళ్ళు. ఒకతను కాఫీ కప్పు విసిరాడు. వాళ్ళతో నాకు ఇబ్బంది లేదు, నేనూ తెలుగులో తిట్టేదాన్ని. మర్యాదగా, ఓపిగ్గా, అర మైలు దాకా మా వెనకే పాకుతూ వచ్చేవాళ్ళతోనే చచ్చేచావుగా ఉండేది. ఎవరైనా నా వల్ల ఆగిపోయారంటే నాకు ప్రాణం మీదకొచ్చినట్టుంటుంది.

మా నాన్న ఎర్రబస్సు డ్రైవరు. వేసవి సెలవుల్లో ఒక్కోసారి నన్ను ఎక్కించుకుని తన వెనక సీట్లో కూర్చోబెట్టేవాడు. వెనక ఎవరైనా హారన్ కొడితే, ముందు దారంతా చూసుకుని, కుడి చెయ్యి కిటికీలోంచి బయట పెట్టి, అరచేత్తో ముందుకి తోసినట్టు ఊపేవాడు. వెళ్ళిపో అని. అది సైడ్ ఇవ్వడం. "వాడికి కనపడంది మనకి కనపడుతుంది కదమ్మా. చెప్పకపోతే ఎట్లా?" అనేవాడు. దాటిపోయేవాడు చెయ్యెత్తి థాంక్స్ చెప్పేవాడు. ఆ చెయ్యీ ఈ చెయ్యీ చూస్తూ పెరిగాను నేను. మంచి మర్యాద అంటే నా మనసులో అదే.

మా వరసలో చివర ఉండేది నేను. చివర ఉన్నవాళ్ళ పని వెనక కారొస్తే "కార్ బ్యాక్" అని అరవడం. నేను దానికి మా నాన్న మర్యాద కూడా కలిపాను. ఇక్కడ కుడివైపు వెళ్తాం కాబట్టి ఎడమ చేత్తో ఊపేదాన్ని. తమాషా ఏమిటంటే అమెరికా వాళ్ళు ఎవరూ నా చెయ్యి చూసి దాటేవాళ్ళు కాదు. నేను ఎంత ఊపినా, ఇక దాటొచ్చని పసుపు గీత ముక్కలు ముక్కలుగా మారేదాకా వెనకే ఉండేవాళ్ళు. "పిరికి సన్నాసులు" అని లతతో చెప్పి నవ్వేదాన్ని.

ఆ శనివారం నాకు గ్యాస్ స్టేషన్ దగ్గర నీళ్ళు తాగడం దాకా గుర్తుంది. లత సగం అరటిపండు ఇచ్చింది. ఆ తర్వాత గుర్తున్నది తెల్ల సీలింగు, దానికున్న చిన్న చిన్న రంధ్రాలు.

మధ్యలో జరిగింది వాళ్ళూ వీళ్ళూ చెప్పారు. ఎడమకి తిరిగే ఎత్తు మీద ఒక తెల్ల కారు పసుపు గీతలు దాటి మమ్మల్ని దాటబోయింది. ఎదురుగా పల్లంలోంచి ఒక ట్రక్ లేచింది. కారు భయపడి కుడికి లాగింది. కుడిన నేనున్నాను. గుంటలోకి ఎగిరి ఎవరిదో మెయిల్‌బాక్స్ స్తంభానికి కొట్టుకున్నాను. కటి ఎముక రెండు చోట్ల విరిగింది, ఎడమ భుజం నుజ్జయింది, తలకి దెబ్బ తగిలి మూడు రోజులు నేను నేను కాదు. హెల్మెట్ రెండు చెక్కలైంది. దాన్ని మురళి గరాజ్‌లో ఉంచాడు, పారెయ్యనివ్వడు.

మొదటి వారం గురించి ఎక్కువ రాయను. నొప్పి గురించి ఎంత రాసినా లేనివాళ్ళకి తెలియదు, ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పక్క మీద అటు తిప్పడానికి ముగ్గురు కావాల్సి వచ్చేది. గ్లోరియా అని ఒక పెద్దావిడ, ఆయా లాంటి పని ఆవిడది. నా జుట్టులో మట్టీ రక్తం కలిసి అట్టలు కట్టిందని కత్తిరించేద్దామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. మురళి చేత కొబ్బరినూనె తెప్పించి, గంటసేపు వేళ్ళతో ఒక్కో చిక్కూ విడదీసింది. "కూతురి జుట్టు అనుకుంటున్నా, కదలకు" అంది. గుంటలో పడ్డాక నేను మొదటిసారి ఏడ్చింది అప్పుడే.

ఐదో రోజు పోలీసాయన వచ్చాడు. చేతిలో చిన్న నోట్‌బుక్కు. కారు నడిపిన అమ్మాయి పేరు హారిక అనీ, మాస్టర్స్ చదువుతోందనీ, మీ సైకిల్ గుంపులో చివరావిడ వెళ్ళమని చెయ్యి ఊపితేనే దాటానని చెప్పిందనీ అన్నాడు. మీరు ఊపారా?

గుర్తు లేదు అని చెప్పాల్సింది. అది నిజం. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను ఇలా పడుకోబెట్టి పైగా నా మీదే పెడుతుందా!

"నేనెందుకు ఊపుతాను? నేనేమైనా పిచ్చిదాన్నా?" అన్నాను. "లేదు. ఊపలేదు."

ఆయన రాసుకున్నాడు. నా పక్కన మురళి పళ్ళు బిగించి కూర్చున్నాడు.

మే

ఇంటికొచ్చాం. మెట్లెక్కలేను కాబట్టి హాల్లో సోఫా తీసేసి ఆసుపత్రి మంచం వేశారు. మా ఇంటికొచ్చినవాళ్ళు ఎవరైనా ముందు నా మంచం చూసి, తర్వాత నన్ను చూసేవాళ్ళు. మురళి పొద్దున్న నాకు ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, ఏడింటికల్లా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. మా మేఘనకి పదిహేనేళ్ళు. అన్నం వండటం నేర్చుకుంది, పప్పు మాడ్చడం కూడా నేర్చుకుంది. ఇద్దరూ నా ముందు ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడేవాళ్ళు. వంటింట్లోకి వెళ్ళగానే ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకునేవాళ్ళు. నాకు అన్నీ వినపడేవి.

మురళిని నిలబెట్టింది ఒక్కటే, ఆ అమ్మాయి మీద కోపం. ఆసుపత్రిలో ఉండగా ఆ హారిక రిసెప్షన్‌లో ఒక డబ్బా ఇచ్చి వెళ్ళిందట. పులిహోర. పైన కాగితం ముక్క, "ఆంటీకి" అని. మురళి డబ్బాతో సహా చెత్తలో వేసి వచ్చి నాకు చెప్పాడు. నేనూ మంచి పని చేశారన్నాను.

లత వారానికి రెండుసార్లు వచ్చేది. ఆమెది వరంగల్.

"ఏం పోరి అదీ! లైసెన్స్ వచ్చి నాలుగు నెలలు గూడ కాలేదంట. రూమ్మేట్ కార్ తీస్కొని స్ట్రాబెర్రీలు తెంపనీకి పోతుండెనట," అంది ఒకరోజు. "ఇంక నువ్వు చెయ్యి ఊపినవని చెప్తుంది, సిగ్గు లేకుండ."

"నువ్వు చూశావా నేను ఊపలేదని?"

"నేను ముంగటున్న గదా, యెట్ల చూస్త? నువ్వు అట్ల జెయ్యవని నాకు తెల్వదా?"

ఆ మాట నేను నమ్మలేకపోయాను. ఎందుకంటే నేను అలా చేస్తానని లతకి తెలుసు. నాతో కలిసి నవ్వింది కదా. మర్చిపోయిందో, మర్చిపోవాలనుకుందో. నేను కూడా అడగలేదు.

ఎముకల డాక్టరు దగ్గర వెయిటింగ్ రూమ్‌లో ఎప్పుడూ టీవీ ఉంటుంది, శబ్దం లేకుండా. ఎవరో ఎవరి ఇల్లో పగలగొట్టి మళ్ళీ కడుతుంటారు. ఒకరోజు నా చక్రాల కుర్చీ పక్కన టోపీ పెట్టుకున్న పెద్దాయన కూర్చున్నాడు, కాలికి కట్టు. ఏమైందని అడిగాడు. సైకిల్ మీద వెళ్తుంటే కారు గుద్దిందన్నాను. ఏ రోడ్డు అన్నాడు. చెప్పాను. చాలాసేపు టీవీ చూశాడు.

"ఆ రోడ్డు మీద నేను మీ సైకిల్ వాళ్ళ మీద అరిచాను," అన్నాడు. "చాలాసార్లు."

 నా పేరు పిలిచినప్పుడు ఆ కుంటికాలితోనే లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు. కుర్చీ లోపలికి పోయేదాకా పట్టుకునే ఉన్నాడు.

జూన్

భుజానికి వ్యాయామం మొదలైంది. నేర్పేవాడు కుర్రవాడే కానీ రాక్షసుడు. బల్ల మీద తువ్వాలు వేసి, దాని మీద ఎడమ అరచెయ్యి పెట్టించి, వెనక నుంచి ముందుకి తొయ్యమనేవాడు. నెమ్మదిగా, నడుము పక్క నుంచి ముందుకి. మొదటి వారం రెండంగుళాలు జరిగితే కళ్ళ నీళ్ళొచ్చేవి.

ఆ రోజు పన్నెండోసారో పదమూడోసారో తోస్తున్నాను. అరచెయ్యి ముందుకి పోయింది. దాంతోపాటే వచ్చేసింది, మొత్తం.

ఎత్తు మీద ఎండ. నా ఊపిరి. వెనక తెల్ల కారు చాలాసేపటి నుంచి పాకుతూ వస్తోంది. గడ్డి మైదానం అవతల రోడ్డు ముక్క కనపడుతోంది, ఖాళీగా. మధ్యలో ఉన్న పల్లం కనపడదన్న ఆలోచన నాకు రాలేదు. తల తిప్పి చూశాను. కారు ముందద్దం వెనక ఒక అమ్మాయి. మనమ్మాయి, బొట్టు కూడా ఉంది. ఎడమ చెయ్యి చాపి అరచేత్తో ముందుకి తోశాను, వెళ్ళమ్మా అని. ఆ అమ్మాయి మొహం విప్పారింది. స్టీరింగ్ మీంచి చెయ్యెత్తింది, థాంక్స్ అని.

అన్నాళ్ళూ నా చేతిని ఎవరూ లెక్కచెయ్యలేదు. వాళ్ళకి అది ఎవరో ఆడది చెయ్యి ఊపడం, అంతే. ఆ రోడ్డు మీద నా చేతిని చదవగలిగింది ఆ అమ్మాయి ఒక్కతే. చదివింది, నమ్మింది. పెద్దావిడ చెప్పింది కదా అని వచ్చేసింది.

"నొప్పిగా ఉందా?" అన్నాడు కుర్రాడు. అవునన్నాను.

ఇప్పుడు సిగ్గుపడాల్సిన భాగం. ఐదు వారాలు ఎవరికీ చెప్పలేదు. రేపు చెప్దాం అనుకునేదాన్ని. తలకి దెబ్బ తగిలిన మనిషిని, కల కన్నానేమో అనుకునేదాన్ని. కానీ కలలో చెయ్యెత్తి థాంక్స్ చెప్పడం ఉంటుందా? ఆ అమ్మాయి మీద రెక్‌లెస్ డ్రైవింగ్ కేసు నడుస్తోందనీ, ఆగస్టులో కోర్టనీ, కేసు ఖాయమైతే వీసాకి గండమని భయపడి చస్తోందనీ లత ద్వారా తెలుస్తూనే ఉంది. సెమిస్టర్ మానేసిందట. ఆ పిల్ల చదువు, ఆ పిల్ల బతుకు నా నోట్లో ఒక్క మాట కింద ఉన్నాయి. నేను మాత్రం ఆ నోటితో మందులు మింగుతూ కూర్చున్నాను. అంత నోరున్న దాన్ని!

జులై

మురళికి ఒక ఆదివారం మధ్యాహ్నం చెప్పాను. నా కాలికి నూనె రాస్తున్నాడు.

"నేను ఊపానండీ."

"ఏంటి?"

"చెయ్యి. ఆ అమ్మాయికి సైడ్ ఇచ్చాను. అబద్ధం చెప్పింది తను కాదు, నేను."

చేతులు ఆగిపోయాయి. లేచి సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, తువ్వాలు మడతపెట్టి వచ్చాడు. ఇరవై ఏళ్ళలో ఆయన తువ్వాలు మడతపెట్టడం నేను చూడలేదు.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు.

"అదేంటండీ..."

"మూడు నెలలు నిన్ను పసిపిల్లలా ఎత్తుకుని తిప్పాను వాణీ. ప్రతి పూటా ఆ పిల్లని తిట్టుకుంటూ తిప్పాను. ఇప్పుడు నేనెవర్ని తిట్టుకోవాలి? నిన్నా?"

"నన్నే తిట్టండి."

తిట్టలేదు. అదే ఘోరం. కారు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు, సాయంత్రానికి పాలు కొనుక్కుని వచ్చాడు. వారం రోజులు నాతో మాట్లాడింది మందుల గురించే. మా మధ్య అంతకు ముందు ఎన్ని గొడవలైనా ఇంత చల్లగా ఎప్పుడూ లేదు.

మేఘన మెట్ల మీద కూర్చుని అంతా వింది. అప్పుడే తనకి లెర్నర్స్ పర్మిట్ వచ్చింది.

"అమ్మా, యాక్సిడెంట్ ముందు నువ్వు నాకు ఏం చెప్పావ్?" అంది, దానికొచ్చిన తెలుగులో. "ఎవరైనా వేవ్ చేస్తే గో చెయ్యద్దు, నీ కళ్ళతో చూడాలి అని. నువ్వే చెప్పావ్ కదా?"

"చెప్పానే."

"మరి నువ్వు ఎందుకు వేవ్ చేశావ్?"

దానికి ఎర్రబస్సు గురించి చెప్పాను, మా నాన్న గురించి, ఆయన కుడిచెయ్యి గురించి. మొత్తం విని, "తాతగారు హైట్‌లో కూర్చున్నారు. నువ్వు సైకిల్ మీద ఉన్నావ్," అంది. అంతే. ముప్పై ఏళ్ళుగా నాకు తట్టని సంగతి. మా నాన్నకి నిజంగానే కనపడేది. నాకు కనపడలేదు, కనపడినట్టు ఊపాను.

మర్నాడు పోలీసాయనకి ఫోన్ చేశాను. కోర్టుకొచ్చి చెప్పండి అన్నాడు.

ఆగస్టు

కోర్టు గది బయట బెంచీల మీద చాలామంది ఉన్నారు. వాకర్ పట్టుకుని నేను, రెండడుగులు వెనకగా మురళి. రానంటాడనుకున్నాను. పొద్దున్నే షర్ట్ ఇస్త్రీ చేసుకుంటూ కనపడ్డాడు. 

హారికని చూడగానే గుర్తుపట్టాను. కారు అద్దంలోంచి చూసిన మొహం సగమైంది. నన్ను చూసి లేచి నిలబడింది, బడిలో టీచరొస్తే లేచినట్టు.

లోపల నా వంతు వచ్చాక చెప్పాను. చెయ్యి ఊపాననీ, ఊపలేదని పోలీసుకి అబద్ధం చెప్పాననీ. గుర్తు లేనప్పుడు గుర్తు లేదనాలి, నేను లేదన్నాను. సైడ్ అంటే ఏమిటో వివరించమంది జడ్జి. కుడిచేత్తో ఊపి చూపించాను, ఎడమది లేవదు కాబట్టి. జడ్జి శ్రద్ధగానే విన్నది. మీరొచ్చి చెప్పడం మంచిదైంది అంది. అయినా స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళు తమ కళ్ళతోనే చూసుకోవాలి, ఈ అమ్మాయి చూసుకోలేదు అంది. రెక్‌లెస్ తీసేసి, తప్పుగా దాటినట్టు చిన్న కేసు చేశారు. చిన్నదే అన్నారు. కాగితం మీద మాత్రం ఉంటుంది. పోయిన సెమిస్టర్ పోయినట్టే.

బయటికొచ్చాక హారిక నా ఎదురుగా నిలబడింది. క్షమించమని నేనింకా అడగలేదు. తనే మాట్లాడింది.

"నేను థాంక్స్ అని చెయ్యెత్తాను ఆంటీ. చూశారా?"

"చూశానమ్మా."

"నిజంగా చూశారా?"

"బొట్టు కూడా చూశాను. నవ్వావు."

అక్కడే బెంచీ మీద కూలబడిపోయింది. "అందరూ నువ్వే అలా ఊహించుకున్నావు, ఆవిడ ఊపలేదు అన్నారు ఆంటీ. లాయర్ కూడా అదే అన్నాడు. మా అమ్మ కూడా ఫోన్‌లో, సరిగ్గా గుర్తు తెచ్చుకోవే అంది. నాలుగు నెలలు గుర్తు తెచ్చుకుని తెచ్చుకుని... పోయిన నెల నుంచి నాకే నమ్మకం పోయింది. నేనే అబద్ధం చెప్పాననుకున్నా. ఇవాళ జడ్జి అడిగితే అదే చెప్దామనుకున్నా, మీరు ఊపలేదని."

నా ఎముకలు విరిగితే ఎక్స్‌రేలో కనపడ్డాయి. ఈ పిల్లకి విరిగింది ఎక్కడ కనపడుతుంది? ఐదో రోజు మంచం మీద నేనన్న ఆ ఒక్క "లేదు"తో విరిగింది. పక్కన కూర్చుని దాని తల నిమిరాను. అంతకన్నా ఏం చెయ్యగలను.

ఎవరొస్తారమ్మా నిన్ను తీసుకెళ్ళడానికి అని అడిగాను. ఉబర్ బుక్ చేసుకుంటానంది. ఏప్రిల్ తర్వాత స్టీరింగ్ ముట్టుకోలేదట. నేను మురళి వైపు చూడలేదు, చూసే ధైర్యం లేక. ఆయన జేబులోంచి తాళాలు తీశాడు.

"ఎక్కమ్మా," అన్నాడు. కాసేపాగి, "ఆ రోజు పులిహోర నేను పారేశాను," అన్నాడు.

 హారిక వెనక సీట్లో ఎక్కింది.

హైవే మీద పని జరుగుతోందని ఫోన్ పక్క రోడ్లలోకి తిప్పింది.  కోళ్ళ ఫారాల దగ్గర ఒక మలుపు తిరిగేసరికి ముందు ఒక సైకిల్, ఎవరో ముసలాయన, ఎర్ర బనియను. పసుపు గీతలు రెండు. మురళి వేగం తగ్గించాడు. పది మైళ్ళ వేగంతో ఆయన వెనకే పాకుతూ వెళ్ళాం. ఎత్తు దగ్గర ఆయన ఒకసారి వెనక్కి చూసి, ఎడమ చెయ్యి చాపి ఊపాడు, వెళ్ళండి అని.

మురళి చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. అద్దంలోంచి వెనక సీటు వైపు చూశాడు. మా వెనక కారెవరో హారన్ కొట్టారు.

"వద్దంకుల్," అంది హారిక.

ముసలాయన మళ్ళీ ఊపాడు. మురళి దాటలేదు. హారన్ మళ్ళీ మోగింది, ఈసారి ఆపకుండా. ఆ ఎత్తు అయ్యేదాకా ఆయన వెనకే వెళ్ళాం.